ఇల్లు కొనే ముందు ఎఫ్‌సీసీ బ్రాడ్‌బ్యాండ్ మ్యాప్‌ని ఎంతవరకు నమ్మవచ్చు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఆస్టిన్ నుంచి గంట దూరంలో, ఊరికి బయట రెండెకరాల స్థలంలో ఉన్న ఇల్లు మీకు నచ్చింది. భార్యాభర్తలిద్దరూ ఇంటి నుంచే పని చేస్తారు. అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ పెట్టిన నేషనల్ బ్రాడ్‌బ్యాండ్ మ్యాప్‌లో ఆ అడ్రస్ కొడితే ఒక కేబుల్ కంపెనీ 1 గిగాబిట్, ఒక ఫిక్స్‌డ్ వైర్‌లెస్ (తీగ లేకుండా టవర్ నుంచి ఇంటికి ఇంటర్నెట్ ఇచ్చే) కంపెనీ 100 ఎంబీపీఎస్ ఇస్తున్నట్టు చూపిస్తోంది. కానీ ఇల్లు అమ్ముతున్నాయన శాటిలైట్ ఇంటర్నెట్ వాడుతున్నారు. ప్రభుత్వం పెట్టిన మ్యాప్ కాబట్టి నమ్మవచ్చని మీ ఏజెంట్ అంటున్నారు. అది ఉత్త దండగ మ్యాప్ అని మీ ఫ్రెండ్ అంటున్నారు. ఎవరి మాట వినాలి?

ఇద్దరి మాటా పూర్తిగా వినకండి. ఆ మ్యాప్ ప్రభుత్వం కొలిచి గీసింది కాదు. ప్రతి ఇంటి దగ్గరా ఏ కంపెనీ ఏం అమ్మగలనని ఎఫ్‌సీసీకి రాసిచ్చిందో అదే అందులో ఉంటుంది. అంటే అది కంపెనీ వాంగ్మూలం. అబద్ధమైతే ప్రశ్నించే హక్కు మీకుంది, జవాబు చెప్పాల్సిన గడువు వాళ్లకుంది. అలా వాడుకుంటే చాలా పనికొస్తుంది. కొలత అనుకుని ఇల్లు కొంటే మాత్రం ఇబ్బంది పడతారు.

నేను చాలా ఏళ్లుగా ఫైబర్ నెట్‌వర్క్ ప్లానింగ్‌లో పనిచేస్తున్నాను. ఎఫ్‌సీసీకి వెళ్లే డేటా తయారుచేసే వైపూ ఉన్నాను, కౌంటీల తరఫున ఆ డేటాని సవాలు చేసే వైపూ ఉన్నాను. అందుకే తప్పులు ఎక్కడ పుడతాయో కొంచెం వివరంగా రాస్తాను. అది తెలిస్తే మీ ఇంటి విషయంలో ఏం చూడాలో మీకే అర్థమవుతుంది.

ముందు కొంచెం పాత కథ. మ్యాప్ మీద జనానికి ఇంత అపనమ్మకం ఎందుకొచ్చిందో తెలియాలంటే అది అవసరం. ఇప్పటి మ్యాప్‌కి ముందు ఫారం 477 అనే పద్ధతి ఉండేది. అందులో కంపెనీలు సెన్సస్ బ్లాకుల (జనగణన కోసం విడగొట్టిన చిన్న ప్రాంతాల) వారీగా లెక్క ఇచ్చేవి. ఒక బ్లాకులో ఒక్క ఇంటికి సర్వీస్ ఇస్తున్నా, ఇవ్వగలిగినా, బ్లాకు మొత్తానికీ ఉన్నట్టే రాసుకునేవారు. సిటీలో బ్లాకు అంటే ఒక వీధి చుట్టూ ఉన్న ఇళ్లు, కాబట్టి పెద్ద తేడా వచ్చేది కాదు. పల్లె ప్రాంతాల్లో ఒకే బ్లాకు మైళ్ల కొద్దీ ఉంటుంది. హైవే పక్కనున్న ఒక ఇంటికి కేబుల్ ఉంటే, లోపల ఎక్కడో ఉన్న పొలం ఇంటికి కూడా ఉన్నట్టే లెక్క. జార్జియా రాష్ట్రం 2020లో అడ్రస్‌ల వారీగా సొంత మ్యాప్ వేసుకుంటే, ఇంటర్నెట్ అందని ఇళ్లు, వ్యాపారాలు 5 లక్షలకు పైగా తేలాయి. ఎఫ్‌సీసీ లెక్కలో కనిపించినవి దాదాపు అందులో సగమే.

ఆ రోజుల్లో వచ్చిన డేటాని గట్టిగా తనిఖీ కూడా చేసేవారు కాదు. న్యూయార్క్ ప్రాంతంలోని బ్యారియర్‌ఫ్రీ అనే చిన్న కంపెనీ, దాదాపు 6.2 కోట్ల జనాభా ఉన్న ఎనిమిది రాష్ట్రాల్లో ప్రతి బ్లాకుకీ ఫైబర్, వైర్‌లెస్ సర్వీస్ ఇస్తున్నట్టు ఫైల్ చేసింది. ఎఫ్‌సీసీ ఆ లెక్కని అలాగే తీసుకుని 2019 మొదట్లో బ్రాడ్‌బ్యాండ్ లేనివాళ్ల సంఖ్య 2.61 కోట్ల నుంచి 1.94 కోట్లకు తగ్గిపోయిందని ప్రకటించింది. ఫ్రీ ప్రెస్ అనే సంస్థ ఆ పొరపాటు పట్టుకున్నాక లెక్క 2.13 కోట్లకు మార్చారు. తర్వాత 2020లో ఆ కంపెనీకి 1,63,912 డాలర్ల జరిమానా ప్రతిపాదించారు. ఇందులో నన్ను బాధపెట్టేది కంపెనీ చేసిన తప్పు కాదు. అంత చిన్న కంపెనీ ఎనిమిది రాష్ట్రాల్లో ఫైబర్ వేసిందంటే ఎవరికీ అనుమానం రాకపోవడం. ఆ అంకెల మీదే కదా పల్లెల్లో డబ్బు ఎక్కడ ఖర్చుపెట్టాలో నిర్ణయించేది.

2020 మార్చిలో బ్రాడ్‌బ్యాండ్ డేటా యాక్ట్ చట్టమయ్యాక పద్ధతి పూర్తిగా మారింది. ఇప్పుడు మీరు చూస్తున్న మ్యాప్ 2022 నవంబర్ 18న మొదటిసారి బయటికి వచ్చింది. బ్లాకులు పోయి ఒక్కో కట్టడానికి ఒక్కో చుక్క వచ్చింది. ఆ చుక్కలన్నీ కలిపిన పట్టికని ఫ్యాబ్రిక్ అంటారు. ఇంటర్నెట్ కనెక్షన్ పెట్టదగ్గ ప్రతి ఇల్లూ, వ్యాపారం అందులో ఉండాలి. కాస్ట్‌క్వెస్ట్ అనే సంస్థ ప్రాపర్టీ ట్యాక్స్ రికార్డులు, స్థలాల హద్దులు, ఆకాశం నుంచి తీసిన ఫొటోలు కలిపి దీన్ని తయారుచేస్తుంది. కంపెనీలు జూన్ 30, డిసెంబర్ 31 నాటి పరిస్థితిని ఏడాదికి రెండుసార్లు ఫైల్ చేస్తాయి. కంపెనీ అధికారితో పాటు ఒక ఇంజనీరు కూడా డేటా సరైనదేనని ధ్రువీకరించాలి. పాతదానితో పోలిస్తే ఇది చాలా మెరుగు. ఈ మాట మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

అయినా మీ ఇంటి దగ్గర తప్పు ఎందుకు ఉండవచ్చు?

ఇక్కడ ఒక నిర్వచనం బాగా గుర్తుపెట్టుకోండి. సర్వీస్ అందుబాటులో ఉందని కంపెనీ రాయాలంటే, ఆ ఇంటికి ఇప్పటికే కనెక్షన్ అయినా ఉండాలి, లేదా అడిగిన 10 పని దినాల్లో మామూలు ఇన్‌స్టలేషన్‌తో ఇవ్వగలగాలి. నెట్‌వర్క్ పొడిగించాలన్న పేరుతో అదనపు డబ్బు అడగకూడదు, ఆలస్యం చేయకూడదు. చట్టంలో ఉన్న షరతు ఇదే. "మా లైను మీ రోడ్డు మీదే ఉంది, కానీ మీ ఇంటిదాకా లాగాలంటే పన్నెండు వేల డాలర్లు అవుతుంది" అని కంపెనీ అంటే, ఆ చుక్క దగ్గర ఆ కంపెనీ పేరు ఉండకూడదు. ఇలాంటి కోట్ చేతికొచ్చాక కూడా "సర్లే, మన ఖర్మ" అనుకుని ఊరుకునేవాళ్లే ఎక్కువ. అది ఛాలెంజ్ చేయదగ్గ కాగితమని వాళ్లకి ఎవరూ చెప్పరు.

ఈ తప్పు ఆఫీసులో ఎలా తయారవుతుందో చెబుతాను. కంపెనీ దగ్గర తన కేబుల్ ఏ రోడ్ల మీద పోతుందో చూపించే మ్యాప్ ఉంటుంది. ప్రతి ఇంటికీ మనిషిని పంపి చూడలేరు కాబట్టి, ఆ గీతకి రెండు వైపులా ఇన్ని అడుగుల లోపల ఉన్న చుక్కలన్నీ మనవే అని కంప్యూటర్లో ఒక పట్టీ గీస్తారు. ఇళ్లు పక్కపక్కనే ఉండే కాలనీల్లో ఇది బాగానే పనిచేస్తుంది. ఊరి బయట పనిచేయదు. రోడ్డుకీ ఇంటికీ మధ్య వాగు ఉండవచ్చు, రైలు పట్టాలు ఉండవచ్చు, వేరేవాళ్ల స్థలం ఉండవచ్చు. కేబుల్ ఆ రోడ్డు మీద ఉన్నా, అది దూరంగా ఉన్న ఊరికి పోయే మెయిన్ లైను అయి, దగ్గర్లో ట్యాప్ (మెయిన్ లైను నుంచి ఇళ్లకి కనెక్షన్ తీసే చోటు) లేకపోవచ్చు. పట్టీ గీసిన సాఫ్ట్‌వేర్‌కి అవేవీ తెలియవు.

ఒక కౌంటీకి పనిచేస్తున్నప్పుడు చూసిన ఇల్లు ఇంకా కళ్లముందే ఉంది. రోడ్డు పక్కన పచ్చటి పెడెస్టల్ డబ్బా, అందులో ట్యాప్, అంతా సరిగానే ఉంది. అక్కడి నుంచి కంకర డ్రైవ్‌వే ఓక్ చెట్ల మధ్యగా మెలికలు తిరుగుతూ లోపలికి పోతుంది. ఇల్లు రోడ్డుకి కనపడదు కూడా. మ్యాప్‌లో చుక్క మాత్రం రోడ్డు దగ్గరున్న పశువుల షెడ్డు మీద ఉంది. ఫొటోలో పైకప్పు కనిపించింది కాబట్టి ఫ్యాబ్రిక్ దాన్నే ఇల్లనుకుంది. షెడ్డుకి కేబుల్ ఇవ్వడం సులువే, కంపెనీ రాసింది దాని వరకు నిజమే. ఇంటికి ఇవ్వాలంటే మామూలు డ్రాప్ కేబుల్ (ట్యాప్ నుంచి ఇంటికి లాగే తీగ) అంత దూరం పోదు, మధ్యలో సిగ్నల్ పడిపోతుంది. యాంప్లిఫయర్ పెట్టాలి, లేదా ఫైబర్ తవ్వుకుంటూ పోవాలి. అక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదు. అయినా ఆ ఇంట్లో పిల్లలు ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని హోంవర్క్ చేస్తున్నారు. కాబట్టి మీరు చూస్తున్న ఇంట్లో చుక్క ఏ కప్పు మీద ఉందో మ్యాప్‌ని శాటిలైట్ వ్యూలో పెట్టి, బాగా జూమ్ చేసి చూడండి. రెండెకరాల స్థలాల్లో ఈ తేడా తరచుగా వస్తుంది.

అన్ని తప్పులూ ఇంత అమాయకమైనవి కావు. సబ్సిడీ డబ్బు ఎక్కడికి పోవాలో ఈ చుక్కలే నిర్ణయిస్తాయి. ఒక చోట ఇప్పటికే సర్వీస్ ఉందని మ్యాప్‌లో ఉంటే, అక్కడ వేరే కంపెనీకి ప్రభుత్వ సొమ్ముతో లైను వేసే అవకాశం ఉండదు. అంటే, పోటీ రాకుండా చూసుకోవాలనుకునే కంపెనీకి తన హద్దు కొంచెం పెద్దదిగా చూపించుకోవడం లాభం. ఒహాయోలో జెఫర్సన్ కౌంటీ కేబుల్ అనే చిన్న కంపెనీ తాను సర్వీస్ ఇవ్వని చోట్లని కూడా మ్యాప్‌లో చూపించుకుంది. అక్కడి మనిషి ఒకరు ఛాలెంజ్ వేయడంతో సంగతి బయటపడింది. 2024లో ఎఫ్‌సీసీ దగ్గర 10,000 డాలర్ల జరిమానాకి ఆ కంపెనీ ఒప్పుకుంది. నా దృష్టిలో ఆ జరిమానా చాలా తక్కువ. ఒక్క పల్లె రోడ్డు మీద పోటీని అడ్డుకుంటే కంపెనీకి మిగిలే డబ్బు ముందు అది లెక్కలోకి రాదు.

ఇక స్పీడు. మ్యాప్‌లో కనిపించే 1 గిగాబిట్, 100 ఎంబీపీఎస్ అనేవి ప్రకటనలో ఇచ్చే గరిష్ఠ స్పీడులు. సాయంత్రం ఏడింటికి మీకొచ్చే స్పీడు కాదు. రాగి తీగ మీద వచ్చే డీఎస్‌ఎల్ అయితే ఎక్స్ఛేంజ్ నుంచి దూరం పెరిగేకొద్దీ పడిపోతుంది. చాలామందికి తెలియనిది ఇంకొకటుంది. ఇంటి ఇంటర్నెట్ విషయంలో స్పీడ్ టెస్ట్ తక్కువ వచ్చిందన్న కారణంతో ఛాలెంజ్ వేయలేరు. కంపెనీ ఆ స్పీడు ప్లాన్ అసలు అమ్మడమే లేదంటే వేయవచ్చు, అమ్మిన ప్లాన్ నెమ్మదిగా ఉందంటే కుదరదు. మ్యాప్‌లో నాకు పెద్ద లోపంగా కనిపించేది ఇదే. ధర కూడా మ్యాప్‌లో ఉండదు. నెలకి నలభై డాలర్లయినా రెండు వందలయినా ఒకే రంగు చుక్క.

అందుబాటులో ఉండటం వేరు, జనం నిజంగా వాడుకోవడం వేరు. 2019లో మైక్రోసాఫ్ట్ తన సర్వీసులు వాడేవాళ్ల డేటా చూసి, బ్రాడ్‌బ్యాండ్ స్పీడుతో ఇంటర్నెట్ వాడనివాళ్లు 16.28 కోట్లమంది అని చెప్పింది. అప్పటి ఎఫ్‌సీసీ లెక్క ప్రకారం బ్రాడ్‌బ్యాండ్ అందుబాటులో లేనివాళ్లు దాదాపు 2.5 కోట్లు. వాషింగ్టన్ రాష్ట్రంలోని ఫెర్రీ కౌంటీలో ఎఫ్‌సీసీ ప్రకారం నూటికి నూరుమందికీ బ్రాడ్‌బ్యాండ్ ఉంది, మైక్రోసాఫ్ట్ లెక్కలో ఆ స్పీడుతో వాడుతున్నది నూటికి ఇద్దరు. ఈ తేడా మొత్తానికి మ్యాప్ అబద్ధమే కారణం అనుకోకండి. ధర, ఇంట్లో పాత రౌటరు, కంప్యూటర్ లేకపోవడం, చిన్న ప్లాన్ సరిపోవడం, ఇవన్నీ కలుస్తాయి. ఒకరు షాపులో సరుకుందా అని అడిగారు, ఇంకొకరు ఎంతమంది కొన్నారని అడిగారు. పేపర్లో ఇలాంటి రెండు అంకెలు పక్కపక్కన కనిపిస్తే ముందు ఏ ప్రశ్నకి ఏ జవాబో చూడండి.

మీకు కనిపించిన ఫిక్స్‌డ్ వైర్‌లెస్ కంపెనీ విషయంలో కేబుల్ కంటే ఎక్కువ జాగ్రత్త కావాలి. టవర్ నుంచి సిగ్నల్ ఎంతదూరం పోతుందో ఒక మోడల్ వేసి, ఆ పరిధిలో ఉన్న చుక్కలన్నీ లెక్కలో వేస్తారు. గుట్టలు మోడల్‌లో ఉంటాయి. మీ ఇంటి ముందున్న ముప్ఫై అడుగుల చెట్టు ఉండకపోవచ్చు. ఆకులు నిండుగా ఉన్న వేసవిలో సిగ్నల్ తగ్గి, చలికాలంలో పెరగడం చూస్తూనే ఉంటాం. దానికి తోడు ఒక్కో టవర్ సెక్టారు (టవర్‌లో ఒక దిశకి సిగ్నల్ ఇచ్చే భాగం) కొన్ని ఇళ్లకే సరిపోతుంది. అది నిండితే మ్యాప్‌లో మీ ఇల్లు రంగులోనే ఉంటుంది, కంపెనీ వెబ్‌సైట్ మాత్రం వెయిట్‌లిస్ట్ అంటుంది.

శాటిలైట్ కంపెనీలు దాదాపు దేశమంతా ఇస్తామని రాస్తాయి కాబట్టి, ఫిల్టర్‌లో శాటిలైట్‌ని తీసేసి చూడండి. అప్పటిదాకా నిండుగా కనిపించిన కౌంటీ ఎంత ఖాళీగా ఉందో తెలుస్తుంది. శాటిలైట్ పనికిరాదని నేను అనడం లేదు. తక్కువ ఎత్తులో తిరిగే కొత్త శాటిలైట్లతో వీడియో కాల్స్ బాగానే నడుస్తున్నాయి. మీరు చూస్తున్న ఇంటాయన అదే వాడుతున్నారంటే ఒకసారి ఆయన ఇంట్లో కూర్చుని కాల్ చేసి చూడండి. ఏ మ్యాప్ చూసినా అంత నమ్మకం రాదు.

మొబైల్ కవరేజీ గురించి మీరు అడగలేదు గానీ, కరెంటు పోతే ఫోనే దిక్కు కాబట్టి రెండు మాటలు. మొబైల్ మ్యాప్ మొత్తం సిగ్నల్ మోడల్ మీదే నడుస్తుంది. అది ఆరుబయట నిలబడినప్పుడు, కారులో పోతున్నప్పుడు వచ్చే సిగ్నల్ చూపిస్తుంది. ఇంటి లోపల ఎలా ఉంటుందో చూపించదు. 4జీ అని రంగు వేయాలంటే 5 ఎంబీపీఎస్ డౌన్‌లోడ్, 1 ఎంబీపీఎస్ అప్‌లోడ్ వస్తే చాలు. 5జీలో కింది మెట్టు 7, 1 మాత్రమే. 35, 3 అనే పై మెట్టు వేరేగా ఉంటుంది, చూస్తే దాన్నే చూడండి. పాత పద్ధతిలో మొబైల్ మ్యాప్‌లు ఇంకా ఘోరంగా ఉండేవి. ఎఫ్‌సీసీ సిబ్బంది 12 రాష్ట్రాల్లో దాదాపు 10,000 మైళ్లు కారులో తిరిగి పరీక్షిస్తే, కంపెనీలు చూపించిన కనీస స్పీడు వచ్చింది 62.3 శాతం టెస్టుల్లోనే. 2019 డిసెంబర్‌లో ఆ రిపోర్టు వచ్చాక, ఆ మ్యాప్‌ల మీద ఆధారపడిన 453 కోట్ల డాలర్ల పథకాన్నే పక్కన పెట్టేశారు.

ఇన్ని లోపాలుంటే మీ ఫ్రెండ్ అన్నట్టు దండగ కాదా అంటే, కాదు. 2022 నవంబర్‌లో మొదటి మ్యాప్ వచ్చాక రాష్ట్రాలు, కౌంటీలు, మామూలు మనుషులు విపరీతంగా ఛాలెంజ్‌లు వేశారు. 40 లక్షలకు పైగా చుక్కల దగ్గర సర్వీస్ సమాచారాన్ని సవాలు చేశారు. 2023 మే చివర్లో వచ్చిన రెండో వెర్షన్‌లో నికరంగా 10 లక్షలకు పైగా కొత్త చుక్కలు చేరాయి. ఇంటర్నెట్ అందని చుక్కల సంఖ్య దాదాపు 3,30,000 పెరిగి 83 లక్షలు దాటింది. తర్వాతి నెల, జూన్ 26న, బీడ్ పథకం (ఇంటర్నెట్ అందని చోట్లకి లైన్లు వేయడానికి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే నిధి) కింద ఉన్న 4,245 కోట్ల డాలర్లని రాష్ట్రాలకి పంచింది ఆ వెర్షన్ చూసే. టెక్సాస్‌కి 330 కోట్ల డాలర్లకు పైగా వచ్చాయి. 25 ఎంబీపీఎస్ డౌన్‌లోడ్, 3 ఎంబీపీఎస్ అప్‌లోడ్ కూడా అందని చుక్కలు ఏ రాష్ట్రంలో ఎన్ని ఉన్నాయన్నది ఆ పంపకంలో అసలు లెక్క. ఎవరో ఒకరు కూర్చుని తమ ఇంటి చుక్క సరిచేయించారు కాబట్టి వాళ్ల రాష్ట్రం వాటా మారింది. మ్యాప్‌లో లేని ఇంటికి ఏ పథకంలోనూ చోటుండదు. అందుకే దాన్ని దండగ అని వదిలేయడం నాకు నచ్చదు. వదిలేస్తే మిగిలేది కంపెనీ మాటే.

ఇప్పుడు మీ ఇంటి సంగతి. టెక్సాస్‌లో కొంటున్నారు కాబట్టి కాంట్రాక్టులో సాధారణంగా ఆప్షన్ పీరియడ్, అంటే ఏ కారణంతోనైనా కొనుగోలు నుంచి తప్పుకునే గడువు, ఉంటుంది. ఈ పని మొత్తం ఆ గడువు లోపలే అయిపోవాలి. తర్వాత తేలితే లాభం లేదు. ఇంటి ఇన్‌స్పెక్షన్‌కి ఎంత విలువ ఇస్తారో దీనికీ అంతే ఇవ్వండి, మీ ఇద్దరి ఉద్యోగాలూ దీని మీదే ఉన్నాయి.

మొదట కంపెనీ వెబ్‌సైట్‌లో అడ్రస్ కొట్టి చూడండి. పక్కింటి అడ్రస్, ఎదురింటి అడ్రస్ కూడా కొట్టండి. పక్కింటికి ఉందని, మీకు లేదని వస్తే ట్యాప్ దూరం సమస్య అయి ఉండవచ్చు. ఎవరికీ లేదని వస్తే మ్యాప్‌లో చూపించిన పట్టీయే తప్పు. వెబ్‌సైట్ ఉందని చెప్పినా అక్కడితో ఆగకండి. అది కూడా చాలాసార్లు అదే డేటాబేస్ నుంచి వస్తుంది. ఫోన్ చేసి సేల్స్‌తో మాట్లాడితే ఎలాగూ ఉందంటారు. మీకు కావలసింది సైట్ సర్వే. "టెక్నీషియన్ వచ్చి చూసి, డ్రాప్ మామూలు ఇన్‌స్టలేషన్‌లో అవుతుందో లేదో ఈమెయిల్‌లో చెప్పండి" అని అడగండి. ఇల్లు ఇంకా మీది కాదు కాబట్టి అమ్మేవారి అనుమతి కావాలి. మీ ఏజెంట్ చేత అడిగిస్తే సాధారణంగా కాదనరు.

మీరే వెళ్లి కూడా చూడండి. రోడ్డు మీద స్తంభాలుంటే, కరెంటు తీగల కింద నల్లటి లావు కేబుల్, దానికి అక్కడక్కడ చిన్న లోహపు పెట్టెలు ఉన్నాయేమో గమనించండి. ఆ పెట్టెల్లో కొన్ని ట్యాపులు. భూమిలోంచి లైను పోతే రోడ్డు వారన పచ్చటి పెడెస్టల్స్ కనిపిస్తాయి. ఇంటి గోడకి, కరెంటు మీటరు దగ్గర, పాత కేబుల్ డబ్బా ఉందేమో చూడండి. ఉంటే ఎప్పుడో కనెక్షన్ ఉండేదని అర్థం, మీ పని సగం తేలిక. ట్యాప్ నుంచి ఇంటి దాకా ఎన్ని అడుగులో ఫోన్ మ్యాప్‌లో కొలవండి. వందా రెండు వందల అడుగులైతే మామూలుగా ఇబ్బంది ఉండదు. ఐదారు వందలు దాటితే రాతపూర్వక హామీ లేకుండా ముందుకి వెళ్లకండి.

ధర విషయానికి 2024 నుంచి కంపెనీలు ప్రతి ప్లాన్‌కీ బ్రాడ్‌బ్యాండ్ లేబుల్ చూపించాలి. నెలసరి ధర, ఫీజులు, డేటా పరిమితి, సాధారణంగా వచ్చే స్పీడు అందులో ఉంటాయి. మ్యాప్‌లో దొరకనివి చాలావరకు అక్కడ దొరుకుతాయి. ముఖ్యంగా అప్‌లోడ్ స్పీడు చూడండి. ఇద్దరూ ఒకేసారి వీడియో మీటింగ్‌లో ఉంటే తేడా కొట్టేది అక్కడే.

అమ్మేవారిని కూడా ఒక మాట అడగండి. మీరు ఆ కేబుల్ కంపెనీని ఎప్పుడైనా కనెక్షన్ అడిగారా, ఏమన్నారు, కాగితం ఏమైనా ఉందా అని. లైన్ పొడిగింపు కోట్ ఆయన ఈమెయిల్‌లో ఉంటే మీ ప్రశ్నకి జవాబు దొరికినట్టే.

కంపెనీ ఇవ్వలేమందనుకోండి. ఇల్లు కొన్నా కొనకపోయినా ఆ మాట రాతలో తీసుకోండి. కొంటే, మీ పేరు మీద ఆర్డర్ పెట్టి, వాళ్లు కాదన్నాక ఛాలెంజ్ వేయండి. మ్యాప్‌లో ఆ చుక్క మీద క్లిక్ చేస్తే కంపెనీల జాబితా పక్కనే అవైలబిలిటీ ఛాలెంజ్ అని ఉంటుంది. కారణం ఎంచుకోమంటుంది. కనెక్షన్ ఇవ్వనన్నారు, 10 పని దినాల్లో ఇన్‌స్టలేషన్ తేదీ ఇవ్వలేదు, చెప్పిన రోజుకి రాలేదు, మామూలు ఫీజు కంటే ఎక్కువ అడిగారు, చూపించిన స్పీడు అమ్మడం లేదు, ఇలా ఉంటాయి. మీకు జరిగింది ఏదో అదే ఎంచుకోండి. ఏ తేదీన ఎలా అడిగారో, వాళ్లేమన్నారో రాసి, స్క్రీన్‌షాట్ గానీ ఈమెయిల్ గానీ జత చేయండి. చాట్‌లో అడిగితే సంభాషణ మొత్తం సేవ్ చేసుకోండి. ఫోన్ మాటకి సాక్ష్యం ఉండదు కాబట్టి నేను ఎప్పుడూ చాట్‌లోనే అడగమంటాను. చుక్క తప్పు కప్పు మీద ఉన్నా, అసలు లేకపోయినా అది వేరే ఫారం, లొకేషన్ ఛాలెంజ్. చుక్క తప్పుగా ఉంటే ముందు దాన్నే సరిచేయించండి. లేకపోతే షెడ్డుకి ఇవ్వగలమని కంపెనీ సులువుగా తప్పించుకుంటుంది.

ఛాలెంజ్ అందాక కంపెనీకి 60 రోజుల గడువు ఉంటుంది. ఒప్పుకోవాలి, లేదా ఆధారాలతో కాదనాలి. కాదంటే మీతో మాట్లాడి తేల్చుకోవడానికి ఇంకో 60 రోజులు, అప్పటికీ తేలకపోతే ఎఫ్‌సీసీ నిర్ణయిస్తుంది. కంపెనీ ఒప్పుకుంటే ఆ చుక్క నుంచి దాని పేరు పోతుంది, అంతే. మీకు ఇంటర్నెట్ రాదు. ఈ తేడా ముందే తెలిసి ఉండాలి. కొన్నిసార్లు ఛాలెంజ్ అందాక కంపెనీ మనిషిని పంపి లైను వేసి వెళ్లిన ఇళ్లు కూడా చూశాను, కానీ దాన్ని నమ్ముకుని ఇల్లు కొనవద్దు. బీడ్ డబ్బు కూడా మీ ఇంటికి వెంటనే వస్తుందనుకోకండి. రాష్ట్రం సొంతంగా నడిపిన ఛాలెంజ్ ప్రక్రియ అయిపోయింది, 2025 జూన్‌లో నిబంధనలు మారి ఫైబర్‌కి ఇచ్చే ప్రాధాన్యం కూడా పోయింది. మీ చుక్క ఏ కంపెనీకి దక్కిందో, ఏ టెక్నాలజీతో ఇస్తారో టెక్సాస్ బ్రాడ్‌బ్యాండ్ ఆఫీసుని అడిగి కనుక్కోండి.

మీరు రాసినదాన్ని బట్టి నా అంచనా చెబుతాను. ఇంటాయన అందుబాటులో 1 గిగాబిట్ కేబుల్ ఉండి కూడా శాటిలైట్‌కి డబ్బు కడుతున్నారంటే, చాలావరకు ఆయన కేబుల్ అడిగి లేదనిపించుకునే ఉంటారు. సర్వే మనిషి రాసిచ్చేదాకా ఆ ఇంటికి కేబుల్ లేదనే లెక్క వేసుకుని, శాటిలైట్‌తో మీ ఇద్దరి పనీ నడుస్తుందా లేదా అన్నదాని మీద ధర మాట్లాడండి. సర్వే రిపోర్టు వచ్చాక అందులో ఎన్ని అడుగుల డ్రాప్ రాశారో చెప్పండి, అది మామూలు ఇన్‌స్టలేషన్ కిందికి వస్తుందో లేదో చూసి చెబుతాను.